టెస్టు పాసయ్యారు సరే, లైసెన్సు వచ్చిందా?

విశాఖలోని మాధవధార రవాణా శాఖ ఆఫీసు ట్రాకులో కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేసి బయటికొచ్చిన కుర్రాడు చేసే మొదటి పని ఇంటికి ఫోన్ చేయడం. రెండో పని, బండి మీద తోడొచ్చిన మావయ్యను ఆటో ఎక్కించేసి, ఒక్కడే ఎన్‌ఏడీ జంక్షన్ వైపు దూసుకుపోవడం. మొదటిదానికి ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కంతా రెండోదానితోనే. ఆ నిమిషానికి అతను టెస్టు పాసైన మనిషే గానీ, చట్టం లెక్కలో ఇంకా లైసెన్సు ఉన్న మనిషి కాదు.

పాసవడం, లైసెన్సు మంజూరవడం, కార్డు చేతికి రావడం: ఇవి మూడు వేర్వేరు సంగతులు. మూడూ మూడు తేదీల్లో జరగొచ్చు. మనం మాత్రం మూడింటికీ కలిపి "లైసెన్సు వచ్చేసింది" అనేస్తాం. రోజులు సాఫీగా గడుస్తున్నంత కాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. మద్దిలపాలెం దగ్గర పోలీసు చెయ్యి అడ్డం పెట్టినప్పుడో, కారు ఎవరికైనా తగిలినప్పుడో మొదటి ప్రశ్న దాని గురించే వస్తుంది.

విదేశాల్లో ఉన్న చుట్టాల సలహాలు ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచుతాయి. బ్రిటన్‌లో టెస్టు పాసైతే అక్కడికక్కడే పాస్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ రోజు నుంచే ఒంటరిగా కారు నడపొచ్చు. పూర్తి లైసెన్సుకు రెండేళ్లలోగా దరఖాస్తు చేసుకుంటే చాలు, అది దాటితే మళ్లీ టెస్టు రాయాలి. లండన్‌లో ఉన్న అన్నయ్య "పాసయ్యావు కదా, ఇంకేం, తీసుకెళ్లు" అంటే అతని అనుభవంలో అది నిజమే. మన చట్టంలో అలాంటి మధ్యంతర సర్టిఫికెట్ లేదు. ఇక్కడున్నవి రెండే స్థితులు. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్సు ఉన్నవాళ్లు, పూర్తి లైసెన్సు ఉన్నవాళ్లు. టెస్టు పాసవడం వల్ల మీరు రెండోవైపు చేరరు, చేరే అర్హత మాత్రం వస్తుంది.

ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇచ్చినట్టు

మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఎంవీఐ పని బండి నడిపించి చూసి ఫలితం నమోదు చేయడం. లైసెన్సు మంజూరు చేయడం లైసెన్సింగ్ అధికారి పని. చిన్న యూనిట్ ఆఫీసుల్లో ఈ రెండు పనులూ ఒకరే చూడొచ్చు, అయినా కాగితం మీద అవి రెండు అంచెలే. ఫలితం లైసెన్సు పనులు జరిగే ఆన్‌లైన్ పోర్టల్ సారథిలోకి ఎక్కుతుంది, పత్రాలు సరిచూస్తారు, ఆమోదం పడుతుంది, అప్పుడు లైసెన్సు నంబరు పుడుతుంది. ఆ నంబరు పుట్టిన క్షణమే మీ లైసెన్సు పుట్టిన క్షణం.

1988 మోటారు వాహనాల చట్టం మూడో సెక్షన్ అడిగేది కూడా ఇదే. అమల్లో ఉన్న లైసెన్సు, మీ పేరున జారీ అయినది, ఆ తరగతి వాహనానికి చెల్లేది. ట్రాకు మీద మీరెంత బాగా నడిపారన్నది ఆ సెక్షన్‌కు అక్కర్లేదు. 2019 సవరణతో చట్టంలోకి 25ఏ అనే సెక్షన్ చేరింది. దాని ప్రకారం లైసెన్సులన్నిటికీ జాతీయ రిజిస్టరు ఉండాలి, అందులోంచి వచ్చే ప్రత్యేక నంబరు లేకుండా కొత్త లైసెన్సు జారీ కాకూడదు. అంటే అసలు లైసెన్సు ఆ రిజిస్టరులోని పద్దు. మన జేబులోని కార్డు బ్యాంకు పాసుబుక్కు లాంటిది. పాసుబుక్కు ఇంట్లో మరిచిపోతే ఖాతాలో డబ్బు పోదు, ఖాతాయే తెరవకపోతే పాసుబుక్కు బొమ్మ గీసుకున్నా లాభం లేదు.

పాసైన వాళ్లకు ఆమోదం తెలపడం అధికారి దయ మీద ఆధారపడిన విషయం కాదని కూడా గుర్తుంచుకోవాలి. టెస్టులో నెగ్గి, అనర్హత ఏదీ లేని మనిషికి లైసెన్సు ఇవ్వాలనే తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా తెలపాలి, దాని మీద 30 రోజుల్లోగా అప్పీలు చేసుకునే హక్కు పదిహేడో సెక్షన్ ఇస్తోంది. ఆమోదం ఆలస్యమైతే చాలామంది బయట టీకొట్టు దగ్గర ఉండే బ్రోకరును ఆశ్రయిస్తారు. అంతకన్నా ముందు దరఖాస్తు నంబరుతో సారథిలో స్థితి చూసుకోవడం నయం. సంతకం సరిగా ఎక్కలేదనో, ఫొటో అస్పష్టంగా ఉందనో ఆగిందంటే, ఆ సంగతి బ్రోకరుకు తెలిసేదీ అక్కడి నుంచే.

తప్పినవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏడు రోజుల తర్వాత మళ్లీ టెస్టుకు వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి, 2019 సవరణ ప్రకారం ఆలోగా డ్రైవింగ్ స్కూల్లో మళ్లీ శిక్షణ కూడా తీసుకోవాలి. ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఆరు నెలలే, అది చేతికొచ్చిన 30 రోజుల దాకా టెస్టుకు అర్హత రాదు. ఈ రెండు లెక్కలూ కలిపి చూసుకోకుండా "ఇంకా టైముందిలే" అని ఐదో నెల చివర్లో స్లాట్ పెట్టుకునేవాళ్లను చూస్తుంటాం. ఒక్కసారి తప్పితే చాలు, వాళ్ల ఎల్‌ఎల్‌ఆర్ గడువు ముంచుకొచ్చేస్తుంది. రెండో నెలలోనే స్లాట్ పెట్టుకుంటే ఒకటి రెండుసార్లు తప్పినా ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది.

మధ్యలో ఉన్న ఆ కొద్ది రోజులు

టెస్టు పాసైన గంట నుంచి నంబరు పుట్టేదాకా మీ చేతిలో చెల్లే పత్రం ఎల్‌ఎల్‌ఆర్ ఒక్కటే. కొన్నిసార్లు ఇది ఒక్క సాయంత్రంలో ముగిసిపోతుంది. మధ్యలో సెలవులొస్తే, సర్వరు మొరాయిస్తే, పత్రాల్లో ఏదో తేడా వస్తే రోజులు పట్టొచ్చు. ఈలోగా బండి తీయొచ్చా? తీయొచ్చు, నిన్నటిదాకా ఎలా తీశారో అలాగే.

ఎల్‌ఎల్‌ఆర్ గురించి మనలో చాలామందికున్న అభిప్రాయం, అదొక చిన్న లైసెన్సు అని, పెద్దది వచ్చేదాకా దాంతో నెట్టుకురావచ్చని. చట్టం రాసిన తీరు వేరు. లైసెన్సు లేకుండా ఎవరూ నడపకూడదని మూడో సెక్షన్ మొదట అందరినీ ఆపేస్తుంది. నేర్చుకునేవాళ్లకు ఆ నిషేధం నుంచి మినహాయింపు ఏ షరతుల మీద ఇవ్వాలో కేంద్రం చెప్పాలంటుంది. ఆ షరతులు 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడో నిబంధనగా వచ్చాయి. అవి మూడే. ఎల్‌ఎల్‌ఆర్ అమల్లో ఉండాలి. ఆ వాహనానికి చెల్లే లైసెన్సున్న శిక్షకుడు పక్కన, బండిని అదుపు చేయగల చోట, అవసరమైతే ఆపగల చోట కూర్చుని ఉండాలి. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మినహాయింపే పోతుంది. మినహాయింపు పోతే మిగిలేది మూడో సెక్షన్ నిషేధం. అంటే ఎల్‌ఎల్‌ఆర్ జేబులో ఉండి కూడా, పక్కన ఎవరూ లేకుండా సిరిపురం డౌన్ దిగుతున్న మనిషి చట్టం కంటికి లైసెన్సు లేకుండా నడుపుతున్న మనిషే. 181వ సెక్షన్ కింద దీనికి 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. బండి నాన్నగారిదైతే ఆయనకు 180వ సెక్షన్ కింద విడిగా మరో 5,000 పడొచ్చు, తాళాలు ఇచ్చినందుకు. ఒక ఇంటికి ఒకే మధ్యాహ్నం 10,000 రూపాయలన్నమాట. ఆ రోజు ఉదయమే కొడుకు టెస్టు పాసయ్యాడన్నది వాదనలో పనికొచ్చే మాటే గానీ, సెక్షన్‌లో ఉన్న మాట కాదు.

ఎల్ బోర్డు ఎలా ఉండాలో కూడా నిబంధనలో ఉంది. కనీసం 18 సెంటీమీటర్ల చదరపు తెల్ల పలక మీద ఎర్ర అక్షరం, దాని ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు, గీత మందం 2, అడుగున వెడల్పు 9. నోటు పుస్తకం కాగితం చింపి స్కెచ్ పెన్నుతో గీసి వెనకద్దానికి అంటించినది ఈ కొలతల్లో ఎక్కడా ఇమడదు. వానాకాలంలో అయితే అది కంచరపాలెం దాటకముందే కారిపోతుంది.

బైకు విషయంలో ఇంకో మెలిక ఉంది. నేర్చుకునేవాళ్లు బైకు మీద శిక్షకుణ్ని తప్ప ఎవర్నీ ఎక్కించుకోకూడదు. టెస్టు పాసైన సంతోషంలో చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డుకు తీసుకెళ్లడం ఆ సాయంత్రానికి కుదరదు. మావయ్య వెనక కూర్చుంటే కుదురుతుంది, ఆయనకు గేరు బండి లైసెన్సు ఉంటే. ఆయన లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటే ఇద్దరూ ఒకే పడవలో ఉన్నట్టే, ఆ సంగతి ముందే చూసుకోవాలి.

ఇక ఇన్సూరెన్సు. ఎల్‌ఎల్‌ఆర్ మీద నడుపుతుండగా ప్రమాదం జరిగితే కంపెనీ చేతులెత్తేస్తుందని ఒక మాట ప్రచారంలో ఉంది. అది సగమే నిజం. 2004లో నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఎల్‌ఎల్‌ఆర్ కూడా చట్టం కింద ఇచ్చిన లైసెన్సేనని, అది ఉన్నవాళ్లను లైసెన్సు లేనివాళ్లుగా చూపించి కంపెనీ తన బాధ్యత నుంచి తప్పుకోలేదని చెప్పింది. దెబ్బ తగిలిన మూడో వ్యక్తికి పరిహారం అందాలన్నది ఆ తీర్పు వెనకున్న ఆలోచన. షరతు ఉల్లంఘన రుజువైన కేసుల్లో కోర్టులు చాలాసార్లు ముందు బాధితుడికి కంపెనీయే చెల్లించాలని, తర్వాత ఆ డబ్బు బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని ఆదేశిస్తుంటాయి. కంపెనీ ఇచ్చింది కదా అని యజమాని నిశ్చింతగా ఉండే వీలు లేదు.

సొంత కారుకు జరిగిన నష్టం మాత్రం పూర్తిగా పాలసీ ఒప్పందం మీద నడుస్తుంది. కారు పాలసీ తీసి డ్రైవర్ గురించిన పేరా చదవండి, మూడో నిబంధన అక్కడా కనిపిస్తుంది. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు నడపొచ్చు, మూడో నిబంధన షరతులు పాటిస్తే. టెస్టు పాసైన సాయంత్రం ఒంటరిగా కారు తీసి సింహాచలం ఘాట్ మలుపులో గోడకు రాస్తే, బంపరు బిల్లు దగ్గర సర్వేయరు అడిగేది ఒకటే. ఆ తేదీన లైసెన్సు జారీ అయిందా, లేకపోతే పక్కన ఎవరున్నారు? ఇన్సూరెన్సు కాగితంలో నేను ఎవరికైనా చదవమని చెప్పే పేరా ఏదైనా ఉంటే అదే.

కార్డు రాలేదు, మరి చూపించేది ఏమిటి

నంబరు పుట్టాక పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. కార్డు ఇంకా పోస్టులోనే ఉన్నా మీరు లైసెన్సు ఉన్న మనిషే, ఎల్ బోర్డు తీసేయొచ్చు. రోడ్డు మీద అడిగినప్పుడు చూపించడానికి ఫోను చాలు. 2018లో కేంద్రం 139వ నిబంధనను సవరించి, పత్రాలు కాగితం రూపంలో గానీ ఎలక్ట్రానిక్ రూపంలో గానీ చూపించొచ్చని స్పష్టం చేసింది. ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ కనిపించే లైసెన్సు అసలు కార్డుతో సమానం.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. కార్డును ఫొటో తీసి గ్యాలరీలో దాచుకుని, దాన్ని చూపిస్తారు. అది ఎలక్ట్రానిక్ రూపం కిందికి రాదు. ఆ రెండు యాప్‌లూ రిజిస్టరులోంచి నేరుగా పద్దు తెచ్చి చూపిస్తాయి కాబట్టే వాటికి విలువ. వాట్సాప్‌లో తిరిగే ఫొటోకు ఆ ఆధారం లేదు. కానిస్టేబుల్ మంచివాడై వదిలేస్తే అది మీ అదృష్టం. సిగ్నల్ అందని చోట్ల కూడా తిరిగేవాళ్లు, అరకు రోడ్డెక్కేవాళ్లు ముఖ్యంగా, ఇంటి దగ్గరే యాప్‌లో లైసెన్సు తెరిచి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

మన రాష్ట్రంలో ఈ విషయానికి ఇంకో చరిత్ర ఉంది. ఒకప్పుడు రవాణా శాఖ సొంత సైటు మీద నడిచేది, తర్వాత దేశమంతా వాడే సారథిలోకి మారింది. 2023లో ప్లాస్టిక్ కార్డుల ముద్రణ కొంతకాలం ఆపేసి, ఫోన్లో చూపిస్తే సరిపోతుందన్నారు. ఆ రోజుల్లో లైసెన్సు పొందినవాళ్లలో కొందరు, పక్కింటివాళ్లకు కార్డు ఉండి తమకు లేదు కాబట్టి తమది అసలు లైసెన్సు కాదేమోనని ఇప్పటికీ అనుమానపడుతుంటారు. పద్దు ఉన్నంతవరకు ఆ అనుమానం అక్కర్లేదు. మీరు కార్డుకు డబ్బు కట్టారా లేదా అన్నది ఫీజు రసీదులోనే ఉంటుంది. 2016 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన పట్టిక ప్రకారం టెస్టుకు ఒక్కో తరగతికి 300 రూపాయలు, లైసెన్సు జారీకి 200, స్మార్ట్ కార్డు రూపంలో కావాలంటే మరో 200. రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు దీనికి అదనం. బ్రోకరు చెప్పే మొత్తాన్ని ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే, మనం దేనికి ఎంత ఇస్తున్నామో తేలిపోతుంది.

యాప్‌లోకి లైసెన్సు తెచ్చుకోబోతే "వివరాలు సరిపోలలేదు" అని వెనక్కి తన్నడం మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. కారణం ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, లైసెన్సులో మొదటి అక్షరమే ఉంటుంది. లేదా ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. అప్పలరాజు ఒక పత్రంలో ఒకే మాటగా, మరోదాంట్లో అప్పల, రాజు అని రెండు ముక్కలుగా ఉంటాడు. మనిషికి అది తేడాగా అనిపించదు, యంత్రానికి ఇద్దరు వేర్వేరు మనుషులు. ఎల్‌ఎల్‌ఆర్ దరఖాస్తును ఆధార్ ద్వారా నింపితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు. అలా నింపితే చిరునామా కూడా ఆధార్‌లోదే వస్తుంది, ఆ సంగతి మరిచిపోకూడదు. ఎంవీపీ కాలనీలో అద్దెకుంటూ ఆధార్‌లో పలాస చిరునామా ఉంచుకున్నవాళ్ల కార్డు స్పీడ్‌పోస్టులో పలాసకే వెళ్తుంది. అక్కడ తీసుకునేవాళ్లు లేకపోతే తిరుగుటపాలో వచ్చేస్తుంది.

నంబరు వచ్చిన రోజు చదవాల్సినవి

పేరు, పుట్టినతేదీ ఎలాగూ చూస్తారు. ఎక్కువమంది చూడనివి తరగతి, గడువు.

తరగతులు పొట్టి అక్షరాల్లో ఉంటాయి. ఎంసీడబ్ల్యూఓజీ అంటే గేరు లేని బండి, ఎంసీడబ్ల్యూజీ అంటే గేరు బండి, ఎల్‌ఎంవీ అంటే కారు వంటి తేలిక వాహనం. స్కూటీ మీద టెస్టు ఇచ్చి గేరు లేని తరగతి తీసుకున్న అమ్మాయి తర్వాత బుల్లెట్ నడిపితే, ఆ బండికి ఆమెకు లైసెన్సు లేనట్టే. కార్లలో ఆ బాధ లేదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారు మీద పాసైతే గేర్ల కారు నడపడానికి వీల్లేదు, మన దగ్గర ఎల్‌ఎంవీ ఒక్కటే తరగతి. రెండు తరగతులకు దరఖాస్తు పెట్టి, ఒకదాంట్లో పాసై రెండోదాంట్లో తప్పినవాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. లైసెన్సు వచ్చిందన్న మాట నిజమే కావచ్చు, కారుకు మాత్రం రాలేదు.

గడువు లెక్క 2019 సవరణతో మారింది. పాత లెక్కలో ఇరవై ఏళ్లు లేదా యాభై ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. ఇప్పుడు 30 ఏళ్ల లోపు తీసుకుంటే 40 ఏళ్లు నిండేదాకా చెల్లుతుంది. 30 నుంచి 50 లోపువాళ్లకు పదేళ్లు. 50 నుంచి 55 లోపువాళ్లకు 60 ఏళ్లు నిండేదాకా. ఆపైన ఐదేళ్ల చొప్పున. ఇరవై రెండేళ్ల ఇంజినీరింగ్ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు దొరికితే, పదవీ విరమణకు దగ్గరపడ్డ స్టీల్‌ప్లాంటు ఉద్యోగికి ఐదారేళ్లే దొరుకుతాయి. నలభై దాటినవాళ్లు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కూడా పెట్టాలి. దరఖాస్తులో అవయవదానానికి సమ్మతి అడిగే గడి ఒకటుంటుంది, మీరు ఒప్పుకుంటే అది కార్డు మీద కూడా అచ్చవుతుంది. చాలామంది ఆ గడిని బ్రోకరుకు వదిలేస్తారు, కనీసం దాన్నయినా ఇంట్లో మాట్లాడుకుని మీరే నింపండి.

ఇంకో పెద్ద అనుమానం, కారు లైసెన్సుతో ట్యాక్సీ, గూడ్సు ఆటో నడపొచ్చా అన్నది. పూర్ణా మార్కెట్‌కు సరుకు దించే చిన్న వ్యాన్ల డ్రైవర్లను, రైల్వే స్టేషన్ దగ్గర క్యాబ్ నడిపేవాళ్లను ఏళ్ల తరబడి వేధించిన ప్రశ్న ఇది. విడిగా ట్రాన్స్‌పోర్టు అని రాసి ఉండాలని ఇన్సూరెన్సు కంపెనీలు వాదించేవి. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు అక్కర్లేదంది. దాని మీద అనుమానాలు లేచి విషయం ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. 2024 నవంబరు 6న ఆ ధర్మాసనం కూడా అదే మాట ఖాయం చేసింది. 7,500 కిలోలకు మించని రవాణా వాహనానికి ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు. అది దాటిన లారీలకు, బస్సులకు, ప్రమాదకర సరుకు మోసే వాహనాలకు ఈ మాట వర్తించదు. వాటికి ట్రాన్స్‌పోర్టు లైసెన్సే కావాలి. దానికి 20 ఏళ్లు నిండాలి, అప్పటికి కనీసం ఏడాదిగా ఎల్‌ఎంవీ ఉండాలి, గడువు ఐదేళ్లు, ప్రమాదకర సరుకు వాహనాలకైతే మూడేళ్లు. పోర్టులో ట్యాంకర్లు నడపాలనుకునే కుర్రాళ్లు కారు లైసెన్సు ముందుగా తీసుకోవడం అందుకే. అలా రెండూ ఉన్న కార్డు మీద రెండు గడువు తేదీలు ఉంటాయి, ఒకటి మామూలు బండ్లకు, రెండోది ట్రాన్స్‌పోర్టుకు. సాధారణంగా ముందు తీరేది రెండోదే.

టెస్టే లేకుండా లైసెన్సు వచ్చేవాళ్లు కూడా విశాఖలో బాగానే ఉంటారు. తూర్పు నౌకాదళంలో రక్షణ వాహనాలు నడిపినవాళ్లకు పద్దెనిమిదో సెక్షన్ కింద సైనిక లైసెన్సు ఉంటుంది. దాంతో బయటి బండ్లు నడపకూడదు. అయితే మామూలు లైసెన్సుకు దరఖాస్తు చేసినప్పుడు వాళ్లకు మళ్లీ టెస్టు అక్కర్లేదని తొమ్మిదో సెక్షన్‌లోనే ఉంది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో ఫారం 5బి అనే సర్టిఫికెట్ సంపాదించినవాళ్లకూ మినహాయింపు ఉంది. ఇది 2021 నాటి నిబంధన, 2024 జూన్‌లో "ఇక ఆర్టీఓ టెస్టు రద్దు" అంటూ తిరిగిన వార్తలకు మూలం ఇదే. వీధి చివర డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 వేరు, దానితో టెస్టు తప్పదు.

గడువు తీరిన తర్వాత ఇంకా 30 రోజులు నడపొచ్చని పాతతరం డ్రైవర్లు చెబుతుంటారు. ఒకప్పుడు అది నిజమే, 2019 సవరణ ఆ వెసులుబాటును తీసేసింది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ పెట్టుకోవచ్చు, తీరిన ఏడాదిలోపు పెట్టుకున్నా టెస్టు లేకుండా అవుతుంది. కానీ ఆ మధ్యకాలంలో బండి తీస్తే చేతిలో ఉన్నది చెల్లని లైసెన్సు. ఏడాది కూడా దాటితే మళ్లీ ట్రాకు ఎక్కి పాసైతే తప్ప రెన్యువల్ చేయకూడదని చట్టం ఖరాఖండిగా చెబుతోంది.

పాత బుక్కు లైసెన్సులు, లామినేషన్ ముక్కలు ఇంకా జాగ్రత్తగా దాచుకున్న పెద్దవాళ్లకు ఇంకో పని ఉంది. వాటి వివరాలు రిజిస్టరులోకి ఎక్కాయో లేదో సారథిలో నంబరు కొట్టి చూసుకోవాలి. ఎక్కకపోతే రెన్యువల్ గానీ చిరునామా మార్పు గానీ ముందుకు కదలదు, ముందు ఆ లైసెన్సు ఇచ్చిన ఆఫీసులోనే పాత రికార్డు నమోదు చేయించుకోవాలి. రాజమండ్రిలో తీసుకుని విశాఖలో స్థిరపడ్డవాళ్లయితే అసలు బుక్కు పట్టుకుని ఒకసారి రాజమండ్రి వెళ్లిరావాలి. అది గడువు ఉండగానే చేసుకుంటే మంచిది, తీరాక ఆ ఏడాది లెక్క మొదలైపోతుంది.